ఆయిలర్ తేల్చిన సంఖ్య, కంప్యూటర్ ఆగే సంఖ్య

(డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. పరిచయం చేసిన మేడమ్ గారు "సంఖ్యాశాస్త్రం అంతా ఒక గంటలో చెప్పేస్తారు" అన్నారు. అంత సాహసం నేను చెయ్యను. ఈ గంటా ఒక్క సంఖ్య గురించే. బోర్డు మీద రాస్తున్నాను, మీరూ రాసుకోండి.

2147483647

మన పద్ధతిలో కామాలు పెట్టి చదివితే 214,74,83,647. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. వెనక బెంచీల్లో కంప్యూటర్ సైన్స్ వాళ్ళు అప్పుడే గుసగుసలు మొదలెట్టారు. అవునమ్మా, అదే. సీ ప్రోగ్రాముల్లో మీరు 'ఇంట్' అని రాస్తారే, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య. మ్యాథ్స్ వాళ్ళకి మాత్రం ఇది 2³¹−1. రెండుని ముప్ఫై ఒక్కసారి వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది. ఇది ప్రధాన సంఖ్య. అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ నిశ్శేషంగా పోదు.

ఇక్కడే ఒక అపోహ ఉంది. ప్రధాన సంఖ్య కాబట్టే కంప్యూటర్ వాళ్ళు దీన్ని ఎంచుకున్నారని చాలామంది అనుకుంటారు. కాదు. ముప్ఫై రెండు బిట్లలో, అంటే 0 గానీ 1 గానీ పట్టే గళ్ళలో, ఒకటి ప్లస్-మైనస్ గుర్తుకి పోతే ముప్ఫై ఒకటి మిగిలాయి, అంతే. పదహారు బిట్లకి ఇదే లెక్క చేస్తే 2¹⁵−1, అంటే 32767 వస్తుంది. అది 7 × 31 × 151. ప్రధానం కాదు. అరవై నాలుగు బిట్లకి 2⁶³−1. అదీ కాదు, ఏడుతో పోతుంది. ఘాతం 3తో పోయే ప్రతిచోటా 2³−1 అయిన ఏడు వచ్చి కూర్చుంటుంది. ఘాతం ప్రధాన సంఖ్య కాకపోతే ఇక ఆశ లేదు. ఘాతం ప్రధానమైనంత మాత్రాన గ్యారంటీ కూడా లేదు: 11 ప్రధానమే, 2¹¹−1 మాత్రం 2047, అది 23 × 89. కాబట్టి 31 దగ్గర రెండు విషయాలు కలవడం కాకతాళీయం. ఆ కాకతాళీయాన్ని తెలిసి వాడుకున్న చోటు ఒకటి ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు, ఇది ప్రధాన సంఖ్య అని ఎవరు, ఎలా తేల్చారు?

ఇటలీలో బొలోన్యా అనే ఊళ్ళో కటాల్డీ అని ఒక గణితజ్ఞుడు ఉండేవాడు. 2¹⁷−1, 2¹⁹−1 రెండూ ప్రధానాలని ఆయన ఓపిగ్గా భాగించి చూపించాడు. 1603లో అచ్చయిన పుస్తకంలో ఇంకాస్త ముందుకెళ్ళి ఘాతం 23, 29, 31, 37 అయినా ప్రధానాలే వస్తాయన్నాడు. నాలుగిట్లో మూడు తప్పు. 2²³−1ని 47 భాగిస్తుంది, 2³⁷−1ని 223 భాగిస్తుంది. ఈ రెండూ ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా పట్టుకున్నాడు. 2²⁹−1ని 233 భాగిస్తుంది, అది స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ పట్టుకున్నాడు. 31 ఒక్కటే మిగిలింది. 1644లో పారిస్‌లో మెర్సెన్ అనే మతగురువు తన జాబితా ఇచ్చినప్పుడు అందులోనూ 31 ఉంది. ఆ జాబితాలో 67, 257 తప్పులు. 61, 89, 107 చేరాల్సినవి, చేరలేదు. అయినా ఈ జాతి సంఖ్యలకి పేరు మాత్రం ఆయనదే పడింది. చరిత్రలో పేర్లు పడే తీరు ఇలాగే ఉంటుంది లెండి.

1772లో అచ్చయిన, బెర్నౌలీ అనే గణితజ్ఞుడికి రాసిన ఉత్తరంలో ఆయిలర్ 2³¹−1 ప్రధానమేనని తేల్చేశాడు. అప్పటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, వయసు అరవై దాటింది, చూపు దాదాపు పోయింది. లెక్కలు నోటితో చెప్తుంటే సహాయకులు రాసేవాళ్ళు. ఆ స్థితిలో ఉన్న మనిషి పది అంకెల సంఖ్యని ఎన్నిటితో భాగించగలడు?

మామూలు దారిలో వెళ్తే వర్గమూలం దాకా వెళ్ళాలి. దీని వర్గమూలం 46340 దాటి కొంచెం. ఆ లోపు ప్రధాన సంఖ్యలు సుమారు 4,800 ఉన్నాయి. అన్నిటితోనూ భాగించాలి. ఆయిలర్ అలా చెయ్యలేదు. "దీన్ని భాగించే సంఖ్యంటూ ఉంటే అది ఎలాంటిదై ఉండాలి?" అని అడిగాడు. మీ సిలబస్‌లో ఉన్న ఫెర్మా సిద్ధాంతం చాలు, ఒకసారి చేసి చూద్దాం.

q అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తుందనుకోండి. అంటే 2³¹ని q తో భాగిస్తే శేషం 1. ఫెర్మా ప్రకారం 2 ఘాతం q−1కి కూడా శేషం 1 వస్తుంది. శేషం 1 మొట్టమొదట ఏ ఘాతం దగ్గర వస్తుందో, ఆ ఘాతం 31నీ భాగించాలి, q−1నీ భాగించాలి. 31ని భాగించేవి రెండే, 1 లేదా 31. 1 కుదరదు. కాబట్టి 31. అంటే q−1 అనేది 31కి గుణిజం. q బేసి సంఖ్య గనక q−1 సరి సంఖ్య. రెండూ కలిపితే q−1 అనేది 62కి గుణిజం.

ఇంతటితో ఆగొచ్చు, ఆయిలర్ ఆగలేదు. 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2. కానీ 2³² అంటే 65536కి వర్గం. అంటే q దృష్టిలో 2 అనేది ఒక వర్గ సంఖ్య అయిపోయింది. అలా అవ్వాలంటే q ని 8తో భాగించినప్పుడు శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఇది ఎందుకో ఇప్పుడు నిరూపించను, మీ సారుని అడగండి. 62 షరతునీ 8 షరతునీ కలిపితే మిగిలేది ఇది: q ని 248తో భాగిస్తే శేషం 1 లేదా 63.

248 గుర్తుపెట్టుకోండి. 8 × 31.

ఇప్పుడు లెక్క ఎంత తేలికైందో చూడండి. 46340 లోపు 248n+1 రూపంలో ఉన్నవి 186. 248n+63 రూపంలో ఉన్నవి, 63ని వదిలేస్తే, ఇంకో 186. మొత్తం 372. వీటిలోనూ చాలావరకు ఒట్టి డొల్లలే. 249 మూడుతో పోతుంది, వద్దు. 311 ప్రధానం, దీన్ని చూడాలి. 497 అంటే 7 × 71, వద్దు. 559 అంటే 13 × 43, వద్దు. 745, 1055 రెండూ ఐదుతో పోతాయి. 807, 993 మూడుతో. 1241 అంటే 17 × 73. ఆ తర్వాత 1303, అది ప్రధానం. అంటే పదమూడు వందల దాకా వచ్చినా నిజంగా భాగించి చూడాల్సినవి రెండే తగిలాయి! చేద్దాం. 311తో భాగిస్తే భాగఫలం 69,05,092, శేషం 35. పోలేదు. 1303తో భాగిస్తే భాగఫలం 16,48,107, శేషం 226. ఇదీ పోలేదు. ఇలా చివరిదాకా వెళ్తే మొత్తం సుమారు ఎనభై భాగహారాలు. ఎనభై భాగహారాలంటే మనం కాగితం మీద రెండు మూడు పూటల్లో చేసేయొచ్చు. ఏదీ పోలేదు. కాబట్టి ప్రధానం.

దీని తర్వాత ఎనభై ఏళ్ళకి పైగా ఇంతకంటే పెద్ద ప్రధాన సంఖ్య ఇదిగో అని ఎవరూ నిరూపించి చూపించలేకపోయారు. నాకు ఆ రికార్డు కన్నా ఆ పద్ధతే గొప్పగా అనిపిస్తుంది. లెక్క మొదలెట్టకముందే 4,800 పనిని ఎనభైకి తెచ్చేశాడు.

పనిలో పనిగా పరిపూర్ణ సంఖ్యల గురించి ఒక్క మాట. 6ని వదిలేస్తే, దాన్ని భాగించేవి 1, 2, 3. కలిపితే మళ్ళీ 6. అలాంటివి పరిపూర్ణ సంఖ్యలు. మెర్సెన్ ప్రధానం దొరికిన ప్రతిసారీ ఒక పరిపూర్ణ సంఖ్య కూడా దొరుకుతుంది. మన సంఖ్యని 2³⁰తో గుణిస్తే 2305843008139952128. ఇది ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీషాయన, ఇంతకన్నా పెద్ద పరిపూర్ణ సంఖ్యని ఎవరూ ఎప్పటికీ కనుక్కోరు, వీటితో ఉపయోగం లేదు గనక ఎవరూ ప్రయత్నించరు అని రాసేశాడు. 1883లో పెర్వూషిన్ అనే రష్యన్ పల్లెటూరి చర్చి పూజారి 2⁶¹−1 ప్రధానమని తేల్చి తొమ్మిదోదాన్ని చేతిలో పెట్టాడు. తమాషా ఏంటంటే పెర్వూషిన్ ప్రధాన సంఖ్య 2305843009213693951. పైన రాసిన ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య పక్కన పెట్టి చూడండి, మొదటి తొమ్మిది అంకెలూ ఒకటే. ఎందుకో ఇంటికెళ్ళి ఆలోచించండి, రెండు లైన్ల పని.

సరే, కంప్యూటర్ సంగతికి వద్దాం.

ముప్ఫై రెండు గళ్ళు గీయండి. మొదటి గడిలో సున్నా, మిగతా ముప్ఫై ఒక్క గళ్ళలోనూ ఒకట్లు. 1+2+4+8 అంటూ 2³⁰ దాకా కూడితే, గుణశ్రేణి మొత్తం, 2³¹−1. మన సంఖ్య. దీనికి ఒకటి కలపండి. చివరి గడిలో 1+1, మిగులు పక్క గడికి, అక్కడ మళ్ళీ 1+1, అలా జరుగుతూ జరుగుతూ ముప్ఫై ఒక్క గళ్ళూ సున్నాలై మొదటి గడిలో ఒకటి పడుతుంది. పాత స్కూటర్ మీటర్ 99999 దాటితే సున్నాకి వచ్చినట్టు ఇదీ సున్నాకి వస్తే బాగుండేది. కానీ మొదటి గడి గుర్తు గడి. అక్కడ ఒకటి ఉంటే మైనస్ అని అర్థం. కాబట్టి కంప్యూటర్ దాన్ని −2147483648 అని చదువుతుంది. ఉన్న పెద్ద సంఖ్యకి ఒకటి కలిపితే ఉన్నవాటిలో అతి చిన్నది వచ్చింది.

మీలో చాలామంది ఇది చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. సీ ల్యాబ్‌లో విద్యార్థి వివరాలు తీసుకునే ప్రోగ్రాము రాస్తారు. పేరు, రోల్ నంబరు, మొబైల్ నంబరు. మొబైల్ నంబరుకి కూడా 'ఇంట్' పెట్టేస్తారు. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లతో మొదలవుతాయి, పది అంకెలు. అంటే అతి చిన్న నంబరైనా ఆరు వందల కోట్లు. 'ఇంట్' పట్టేది రెండు వందల పద్నాలుగు కోట్లే. ఈ హాల్లో ఉన్న ఒక్కరి ఫోన్ నంబరు కూడా అందులో పట్టదు! (నవ్వులు) ఇచ్చిన నంబరొకటి, ప్రింటయ్యేది ఇంకొకటి. కంపైలర్ పాడైందని ల్యాబ్ అసిస్టెంటుని పిలుస్తారు.

అమెరికాలో ఇంకో వింత. కొన్ని డేటాబేసులు పట్టని సంఖ్యని ఇస్తే, పట్టే వాటిలో పెద్దదాన్ని పెట్టి ఊరుకుంటాయి. అంటే ఫోన్ నంబరు గడిలో 2147483647 వచ్చి కూర్చుంటుంది. దాన్ని ఫోన్ నంబరుగా చదివితే ముందున్న 214 డాలస్ ఏరియా కోడ్. డాలస్‌లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. డేటా చూసేవాళ్ళకి ఎక్కడెక్కడి కస్టమర్లూ డాలస్‌లో ఒకే నంబరుతో కాపురం ఉన్నట్టు కనిపిస్తారు.

డబ్బు లెక్కలు పైసల్లో దాచే ప్రోగ్రాములు ఉంటాయి, దశాంశాల గొడవ ఉండదని. 'ఇంట్'లో దాస్తే గరిష్ఠం 2,14,74,836 రూపాయల 47 పైసలు. హైదరాబాద్‌లో ఫ్లాట్లు కొనే కొందరికి అది చాలదు.

2014 డిసెంబరులో యూట్యూబ్ వాళ్ళు ఒక కొరియన్ పాట వీక్షణల సంఖ్య ఈ హద్దుని దాటుతోందని కౌంటర్ని అరవై నాలుగు బిట్లకి మార్చామని ప్రకటించారు. 'గంగ్నమ్ స్టైల్', మీరప్పుడు చిన్నపిల్లలు. అది సరదా వార్త. 2015లో వచ్చింది సరదా వార్త కాదు. బోయింగ్ 787 విమానం కరెంటు తియ్యకుండా ఏకధాటిగా 248 రోజులు ఆన్‌లో ఉంటే, జనరేటర్లని నియంత్రించే యూనిట్లలో ఒక కౌంటర్ నిండిపోయి, నాలుగు యూనిట్లూ ఒకేసారి ఆగిపోవచ్చని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ హెచ్చరించింది. ఈలోగా ఒకసారి ఆపి ఆన్ చెయ్యమంది. మన సంఖ్యని సెకనులో వందో వంతులుగా తీసుకుని రోజుల్లోకి మార్చండి. వందతో భాగించి, 86,400తో భాగించండి. 248.55 వస్తుంది.

అవును, 248. ఆయిలర్ 248 వేరు, ఈ 248 వేరు. రెండిటికీ ఏ సంబంధమూ లేదు. సంబంధం ఉందని ఎవరైనా వీడియో చేస్తే నా పేరు చెప్పకండి. (నవ్వులు)

ఇంకొకటి ముందుంది. చాలా కంప్యూటర్లు టైముని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కపెడతాయి. ఆ లెక్క ముప్ఫై రెండు బిట్లలో ఉన్నచోట, మన టైము ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి సరిగ్గా ఈ సంఖ్య దగ్గరికి చేరుతుంది. మరుసటి సెకనుకి మైనస్‌లోకి పడి 1901 డిసెంబరు అని చూపిస్తుంది. కొత్త ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ టెన్షన్ లేదు, అవి ఇప్పటికే అరవై నాలుగుకి మారాయి. ఎప్పుడో బిగించి మర్చిపోయిన మీటర్లూ, కంట్రోలర్లూ ఉంటాయే, తలనొప్పి వాటితోనే.

ఇందాక చెప్పాను, రెండు విషయాలూ ఒకేచోట పనికొచ్చిన సందర్భం ఒకటి ఉందని. అది ఇదే, జాగ్రత్తగా వినండి.

కంప్యూటర్‌కి యాదృచ్ఛికం అనేది చేతకాదు. ఇచ్చిన లెక్క చేస్తుంది. కాబట్టి చూడ్డానికి అడ్డదిడ్డంగా కనిపించే లెక్క ఒకటి ఇస్తాం. పాత పద్ధతి ఏంటంటే, చేతిలో ఉన్న సంఖ్యని ఒక స్థిర సంఖ్యతో గుణించి, ఇంకో పెద్ద సంఖ్యతో భాగించి, శేషాన్ని తదుపరి సంఖ్యగా తీసుకోవడం. 1960లలో ఐబీఎం యంత్రాల మీద రాండూ అనే పద్ధతి బాగా వాడారు. భాగించేది 2³¹, గుణించేది 65539. 2³¹తో శేషం తియ్యడం కంప్యూటర్‌కి ఉత్తినే వస్తుంది, పై బిట్లు వదిలేస్తే చాలు. అందుకే ఎంచుకున్నారు.

కొంప అక్కడే మునిగింది. 65539 అంటే 2¹⁶+3. దాని వర్గం 2³² + 6·2¹⁶ + 9. 2³² శేషంలో ఎగిరిపోతుంది. మిగిలిన దాన్ని 6 × 65539 − 9 అని రాయొచ్చు, సరిచూసుకోండి. అంటే మూడో సంఖ్య ఎప్పుడూ రెండోదానికి ఆరు రెట్లలోంచి మొదటిదానికి తొమ్మిది రెట్లు తీసేస్తే వచ్చేదే. మూడేసి సంఖ్యలు తీసుకుని ఘనంలో చుక్కలు పెడితే, ఘనం నిండా చెదరాల్సినవి పదిహేను తలాల మీద బారులు తీరి కూర్చుంటాయి. దీన్ని నమ్మి చేసిన ప్రయోగాల ఫలితాలు ఎంతవరకు నిజమో తర్వాత ఎవరికీ తెలియకుండా పోయింది.

1969లో లూయిస్, గుడ్‌మన్, మిల్లర్ అనే ముగ్గురు అదే ఐబీఎం సిస్టమ్ 360 కోసం భాగించే సంఖ్యలోంచి ఒకటి తీసేశారు. 2³¹ బదులు 2³¹−1. ముప్ఫై రెండు బిట్లలో పడుతుంది, పైగా ప్రధాన సంఖ్య. ప్రధాన సంఖ్యతో శేషం తీస్తున్నప్పుడు గుణించే సంఖ్యని సరిగ్గా ఎంచుకుంటే, 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కొక్కసారి వచ్చాకే మొదటిది తిరిగి వస్తుంది. మీరు ఆదిమ మూలం అని చదువుకున్నది అదే.

ఎవర్ని ఎంచుకోవాలి? 2147483646 కారణాంకాలు తీస్తే 2, 3, 3, 7, 11, 31, 151, 331. ఆదిమ మూలమైన అతి చిన్న సంఖ్య 7. కానీ ఏడు మరీ చిన్నది, చిన్న సంఖ్య తర్వాత మళ్ళీ చిన్నదే వస్తుంది. పై కారణాంకాల్లో 5 లేదు చూశారా? కాబట్టి ఏడుని ఐదో ఘాతానికి పెంచినా ఆదిమ మూలం చెడదు. 7⁵ అంటే 16807. అదే ఎంచుకున్నారు. 1తో మొదలెట్టండి. 16807. తర్వాత 28,24,75,249. తర్వాత 162,26,50,073. పదివేల అడుగులు వేస్తే 104,36,18,065 రావాలి. 1988లో పార్క్, మిల్లర్ ఈ విలువని పరీక్షగా ఇచ్చారు, మీ ప్రోగ్రాము సరిగ్గా రాశారో లేదో తేల్చుకోడానికి. సీ ప్లస్ ప్లస్‌లో ఈ పద్ధతి ఇప్పటికీ ప్రమాణంగానే ఉంది. రహస్యాలు దాచడానికి పనికిరాదు, ఈ రోజుల్లో పెద్ద ప్రయోగాలకీ చాలదు. అయినా రాండూకీ దీనికీ భాగించే సంఖ్యలో ఉన్న తేడా ఒకే ఒక్క ఒకటి.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, 5 ప్రధానం, 2⁵−1 అయిన 31 ప్రధానం, 2³¹−1 ప్రధానం. ఇలాగే 2ని ఈ సంఖ్య ఘాతానికి పెంచి ఒకటి తీస్తే?)

మంచి ప్రశ్న. 2 నుంచి మొదలెడితే 3, 7, 127, ఆ తర్వాత 2¹²⁷−1. అన్నీ ప్రధానాలే. నీ వరస 5 నుంచి. తర్వాతి సంఖ్యకి 64 కోట్ల 64 లక్షలకి పైగా అంకెలు. 2024 అక్టోబరులో ప్రకటించిన, ఇప్పటికి నాకు తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యకే 4 కోట్ల 10 లక్షల చిల్లర అంకెలు. కాబట్టి ప్రధానమైతే పెద్ద సంచలనమే. కాదు. దాన్ని 295257526626031 భాగిస్తుంది.

అది ఎలా దొరికిందో ఊహించగలవు. ఆయిలర్ షరతే. అప్పుడు 62కి గుణిజం కావాలన్నాం, ఇప్పుడు 2 × 2147483647కి గుణిజం కావాలి. ఈ సంఖ్యలోంచి ఒకటి తీసి దానితో భాగించు, సరిగ్గా 68,745 వస్తుంది. ఎనిమిదితో భాగిస్తే శేషం 7. రెండో షరతూ సరిపోయింది. అంత పెద్ద సంఖ్యని రాయకుండా నిజంగా పోతుందో లేదో చూడాలంటే, ఘాతాన్ని బిట్లలో రాస్తే ముప్ఫై ఒకట్లు, ఇంకో ఒకటి ఉన్నాయి కదా. రెండుతో మొదలుపెట్టి వర్గం చెయ్యి, రెండుతో గుణించు, శేషం తియ్యి. ఇలా ముప్ఫైసార్లు. చివర్లో 1 రావాలి. ల్యాప్‌టాప్ ఉందా? పైథాన్‌లో నాలుగు లైన్లు పడుతుంది, 'ఇంట్' హద్దు గొడవ కూడా అందులో లేదు. రాయి, చూద్దాం.